మాడ్యులర్ సోఫా కొంటున్నారా? షాపులోనే కవర్ ఊడదీయించి చూడండి

"కవర్లు ఉతుక్కోవచ్చా అండీ?" అని అడిగితే కుదరదు అని చెప్పే సేల్స్‌మ్యాన్ ఇంకా పుట్టలేదు. "జిప్పు ఉంది కదా మేడమ్, నిక్షేపంగా ఉతుక్కోవచ్చు" అంటాడు. చిక్కంతా అక్కడే, జిప్పు ఉన్నంత మాత్రాన అది ఉతికే కవర్ అయిపోదు. చాలా సోఫాల్లో జిప్పు పెట్టేది తయారుచేసే చోట లోపలికి ఫోమ్ దూర్చడానికి, మనం తీసి మెషిన్‌లో వేస్కోడానికి కాదు, అలాంటిది పట్టుకెళ్లి ఉతికితే బట్ట ముడుచుకుపోవడమో, వెనకాల అంటించిన పొర పెచ్చులు పెచ్చులుగా ఊడిరావడమో జరుగుతుంది, ఇంక అది మళ్లీ ఫోమ్‌కి ఎక్కమన్నా ఎక్కదు.

మన ఇళ్లల్లో సోఫా మీద జరగని పనంటూ లేదు కదా. టీవీ చూస్తూ పప్పన్నం తినేది అక్కడే, పిల్లలు పెన్ను మూత తీసి హోంవర్క్ చేసేది అక్కడే, తలకి నూనె రాసుకుని వెనక్కి వాలేది అక్కడే, ఆరిన బట్టలు మడతపెట్టేదాకా కుప్పగా పడుండేది అక్కడే. అందుకే ఉతికే కవర్ అనేది ఫ్యాన్సీ ఫీచర్ కాదు, అవసరం. విడివిడి ముక్కలుగా వచ్చే మాడ్యులర్ సోఫా అయితే దీనికి బాగా కలిసొస్తుంది, మొత్తం సోఫా ఒకేసారి విప్పక్కర్లేదు, పాడైన ముక్క కవర్ ఒక్కటి తీసి ఉతికేస్తే చాలు. కానీ కొనేటప్పుడు కొన్ని చూస్కోవాలి, వరసగా చెప్తాను.

1. ముందు ఇంట్లో టేపు పట్టుకోండి

షాపుకెళ్లాక అన్నీ చిన్నగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ షోరూమ్ మన హాలుకి పదింతలుంటుంది. అందుకని ముందు హాలు కొలవండి, గోడ నుంచి గోడకి మాత్రమే కాదు, బాల్కనీ తలుపు ఎంతమేర తెరుచుకుంటుందో, స్విచ్ బోర్డు ఎక్కడుందో, బెడ్రూమ్‌లోకి నడిచే దారి ఎటుందో అన్నీ. తర్వాత చాక్‌పీస్ తీస్కుని సోఫా ఎంత వస్తుందో నేల మీద గీసేయండి, లేదా పాత పేపర్లు పరిచేయండి, రెండ్రోజులు అలాగే ఉంచి ఇంట్లోవాళ్లని దాని చుట్టూ తిరగనివ్వండి. నడిచే దారికి రెండున్నర అడుగులన్నా మిగలాలి, సోఫాకీ టీపాయ్‌కీ మధ్య అడుగున్నర ఉంటే బాగుంటుంది, అంతకన్నా తక్కువైతే మోకాలికి దెబ్బలు, ఎక్కువైతే కాఫీ కప్పు అందదు.

ఫ్లాట్లో ఉండేవాళ్లు లిఫ్ట్ తలుపు కూడా కొలవండి. చాలా అపార్ట్‌మెంట్లలో లిఫ్ట్ తలుపు వెడల్పు 700 నుంచి 800 మిల్లీమీటర్లే, అంటే దగ్గరదగ్గర రెండున్నర అడుగులు. మామూలు త్రీ సీటర్ అందులో పట్టక అయిదో అంతస్తు దాకా మెట్లమీద మోయిస్తారు, ప్రతి మలుపులోనూ గోడ సున్నం గీరుకుపోతుంది, దానికి మళ్లీ అసోసియేషన్ వాళ్లతో గొడవ. మాడ్యులర్‌లో ఒక్కో ముక్క విడిగా వస్తుంది కాబట్టి ఆ బాధ తక్కువ, కానీ ప్యాకింగ్‌తో కలిపి కొలత ఎంతో అడగండి. ముక్కకి పొడవు, వెడల్పు, ఎత్తు మూడు కొలతలుంటాయి కదా, వాటిలో చిన్నవి రెండూ లిఫ్ట్ తలుపులో పడితే అడ్డంగా తిప్పి పెట్టేయొచ్చు, మూడోది లిఫ్ట్ లోపలి లోతుకి సరిపోతే చాలు.

2. ఇంట్లో ఎవరెలా కూర్చుంటారో గమనించండి

దీన్ని అందరూ వదిలేస్తారు. ఫోటోల్లో బాగుండే మాడ్యులర్ సోఫాలు చాలావరకు కిందకి, లోతుగా ఉంటాయి, సీటు ఎత్తు 15, 16 అంగుళాలు, లోతు, అంటే ముందు అంచునుంచి వెన్ను దాకా, 26 దాకా. ఇరవయ్యేళ్ల కుర్రాళ్లకి స్వర్గం, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి నరకం. పెద్దవాళ్లున్న ఇంట్లో సీటు ఎత్తు 17, 18 అంగుళాలుండాలి, అది కూడా కూర్చున్నాక ఎంత దిగుతుందో చూస్కుని, ఎందుకంటే మెత్తటి ఫోమ్ అయితే కూర్చోగానే ఒకటి రెండు అంగుళాలు కిందకి పోతుంది.

లోతు సంగతికొస్తే, కాళ్లు కిందపెట్టి తిన్నగా కూర్చునేవాళ్లకి 20 నుంచి 22 అంగుళాలు చాలు. కానీ మనలో సగంమంది సోఫాలో కూడా మఠం వేసుకునే కూర్చుంటాం, దానికి 24 అన్నా ఉండాలి, లేకపోతే మోకాళ్లు బయటకి వేలాడతాయి. ఇంట్లో రెండు రకాలవాళ్లూ ఉంటే లోతు సీటు తీస్కుని వెనకాల విడిగా ఒక దిండు పెట్టుకోవడం మేలు, తక్కువ లోతున్న సీటుని ఎలాగూ పెంచలేం కదా.

షాపులో బెరుగ్గా అంచున కూర్చుని లేచిపోవద్దు. చెప్పులు విడిచి, ఇంట్లో ఎలా కూర్చుంటారో అలాగే కాళ్లు పైకి పెట్టుకుని పావుగంట కూర్చోండి, ఫోన్ చూస్కోండి, పక్కకి ఒరగండి. పావుగంట తర్వాత నడుం ఏం చెప్తుందో అదే అసలు మాట. పెద్దవాళ్లని తీస్కెళ్తే చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారా చూడండి, లేవలేకపోతే చేతులున్న ముక్క ఒకటి వాళ్లకోసం తప్పనిసరిగా తీస్కోవాలి, చేతుల్లేని ముక్కలే వరసగా పెడితే పట్టుకుని లేవడానికి ఏమీ ఉండదు.

3. ఏ ముక్కలు కావాలో కాగితం మీద వేస్కోండి

మాడ్యులర్‌లో సాధారణంగా ఉండేవి ఇవి: ఒక వైపు చెయ్యి ఉన్న సీటు, చేతుల్లేని సీటు, కార్నర్, కాళ్లు చాపుకునే పొడుగు సీటు, ఒట్టోమన్ అనే వెన్ను లేని పీట. షాపువాళ్లు ముందు కార్నర్ అంటగడతారు. నా మాట వింటే చిన్న హాలుకి కార్నర్ వద్దు. ఆ మూలన కూర్చున్నవాడికి రెండు పక్కలా వేరేవాళ్ల మోకాళ్లే, కాళ్లు పెట్టుకునే చోటుండదు, నలుగురొస్తే ఆ సీటు ఖాళీగానే ఉంటుంది, దానికి మాత్రం ఫుల్ డబ్బులు. దాని బదులు మూడు సీట్లు, ఒక ఒట్టోమన్ తీస్కోండి. ఒట్టోమన్ సీటు ముందు పెడితే కాళ్లు చాపుకోవచ్చు, చుట్టాలొస్తే ఎదురుగా లాగి కుర్చీలా వాడుకోవచ్చు, కొన్నిట్లో లోపల దుప్పట్లు కూడా పడతాయి.

ఊరినుంచి ఎవరైనా వస్తే పడుకోవడానికి కూడా అనుకుంటే లెక్క చూడండి, 30 అంగుళాల ముక్కలు రెండు కలిపితే 60, అది అయిదడుగులే, పొడుగు మనిషికి చాలదు, మూడు కావాలి. అదీ మధ్యలో చేతులు అడ్డం రాని ముక్కలై ఉండాలి.

ఇంకోటి, ఎడమ కుడి గొడవ. కొందరు కూర్చున్నవాడి ఎడమని ఎడమ అంటారు, కొందరు ఎదురుగా నిలబడి చూసేవాడి ఎడమని. నోటిమాటతో వదిలేయకండి, బొమ్మ గీసి టీవీ ఎటుందో, గుమ్మం ఎటుందో రాసి వాట్సాప్‌లో పంపి "ఇదే కదా" అని ఓకే అనిపించుకోండి. నిజమైన మాడ్యులర్‌లో ముక్కలు అటూ ఇటూ మార్చుకోవచ్చు, కానీ మాడ్యులర్ పేరుతో అమ్మే వాటిల్లో చాలా రెండు ముక్కల ఎల్ షేప్ సోఫాలే, అవి ఒకవైపే పనిచేస్తాయి. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి ఇది మరీ ముఖ్యం, రేపు మారే ఇంట్లో టీవీ గోడ ఎటుంటుందో ఎవరికి తెలుసు.

4. ఫోమ్, లోపలి చట్రం

ఫోమ్ అనగానే "40 డెన్సిటీ సార్" అంటారు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ లెక్క, గట్టిదా మెత్తదా అన్నదానికి దీనికీ నేరుగా సంబంధం లేదు. 40లో మెత్తగానూ చేస్తారు, గట్టిగానూ చేస్తారు. డెన్సిటీ చెప్పేది ఎన్నాళ్లు కుంగకుండా ఉంటుందో. రోజూ కూర్చునే సీటుకి 32 కన్నా తగ్గొద్దు, 40 అయితే నిశ్చింత, హెచ్ఆర్ అనే రకం అయితే నొక్కి వదిలితే చటుక్కున పైకి లేస్తుంది. వెన్నుకి అంత అక్కర్లేదు, తక్కువదైనా నడుస్తుంది.

చెప్పింది నిజమో కాదో తూకం వేసి కనుక్కోవచ్చు, సూట్‌కేసు తూచే వేలాడే కాటా ఉంటుంది కదా, అది పట్టుకెళ్లండి. కవర్ తీసేసిన ఒట్టి ఫోమ్ పొడవు, వెడల్పు, మందం అంగుళాల్లో కొలిచి మూడింటినీ గుణించండి. బరువుని 61,000తో గుణించి ఆ వచ్చినదాంతో భాగిస్తే డెన్సిటీ వస్తుంది. ఉదాహరణకి 24 బై 24, మందం 6 అయితే 3,456. అది 1.8 కిలోలు తూగితే 32 డెన్సిటీ, రెండుంపావు కిలోలు తూగితే 40, 1.3 మాత్రమే ఉంటే 23, అది పడుకునే దిండుకి సరిపోతుందేమోగానీ సీటుకి పనికిరాదు. పైన దూది లాంటి ఫైబర్ పొర అంటించి ఉంటే లెక్క కొంచెం అటూఇటూ అవుతుంది. ఇంకో మోసం, చవక ఫోమ్‌లో బరువు కోసం సుద్దపొడి లాంటిది కలుపుతారు, మూల పట్టుకుని నలిపితే వేళ్లకి పిండి అంటుతుంటే మాత్రం తూకం ఎంతొచ్చినా వద్దు.

చట్రం సంగతి త్వరగా చెప్పేస్తా. టేకైనా, వేరే గట్టి చెక్కయినా, మంచి ప్లైవుడ్ అయినా పర్లేదు, చెక్కపొట్టు అదిమి చేసే పార్టికల్ బోర్డు మాత్రం రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో కింది అంచునుంచి ఉబ్బిపోతుంది. ముక్కని తిరగేయమని అడిగి అడుగున నల్ల గుడ్డ పక్కకి తీసి చూడండి, స్ప్రింగులా, బెల్టులా, బెల్టులైతే దగ్గరదగ్గరగా అల్లారా లేదా. కాళ్లు నాలుగైదు అంగుళాల ఎత్తన్నా ఉండాలి, చీపురూ మాపూ కిందకి దూరాలి. నేలకి ఆనుకుని ఉండే సోఫాలు చూడ్డానికి బాగుంటాయి గానీ తడిగుడ్డ పెట్టినప్పుడల్లా కింద కవర్ తడిసి అంచు నల్లబడిపోతుంది, గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లయితే చెదల భయం కూడా.

5. ఇప్పుడు కవర్ ఊడదీయించండి

ఇక్కడ మొహమాటపడకండి. "ఒక సీటు కవర్ పూర్తిగా తీసి, మళ్లీ తొడిగి చూపించండి" అని అడగండి. తీయడం ఎవరైనా తీస్తారు, తొడగడం దగ్గరే బండారం బయటపడుతుంది. ఇద్దరు మనుషులు చెరో మూల పట్టుకుని, మోకాలితో ఫోమ్ నొక్కి, చెమటలు కక్కుతూ తొడిగారంటే ఆ కవర్ మీరు ఇంట్లో జన్మలో ఉతకరు, ఒకసారి ఉతికి మళ్లీ దాని జోలికి పోరు. ఒక్క మనిషి అయిదారు నిమిషాల్లో తొడగగలగాలి.

తీసినప్పుడు చూడాల్సినవి. జిప్పు ఒక్క పక్కనే ఉందా, వెనకాలంతా ఉండి రెండు పక్కలకీ కొంచెం తిరిగిందా? ఒక పక్కే ఉంటే ఫోమ్‌ని మడతపెట్టి దూర్చాలి, మూడు పక్కలకి తిరిగిన జిప్పైతే డబ్బా మూత తీసినట్టు తెరుచుకుంటుంది. జిప్పు పళ్లు సన్నగా లాగు జిప్పులా ఉంటే నాలుగు ఉతుకులకే పోతుంది, కొంచెం లావుగా ఉండే 5వ నంబర్ నైలాన్ జిప్పు ఉండాలి. లాగే పిడి కూడా ఉందో లేదో చూడండి, ఉతికేది కాదని పిడి పీకేసి పంపే సోఫాలున్నాయి, పిడి లేకపోతే ఇంక ఏం అడగక్కర్లేదు.

ఫోమ్ మీద ఇంకో లోపలి గుడ్డ ఉందా? తెల్లటి పలుచటి గుడ్డ, ఫోమ్‌కి తొడుగులా ఉంటుంది. అది లేకపోతే పై కవర్ ఫోమ్‌కి పట్టుకుపోతుంది, లాగినప్పుడల్లా ఫోమ్ పెళ్లలు ఊడతాయి, కవర్ ఉతకడానికి వెళ్లినప్పుడు సోఫా మీద కూర్చోడానికీ ఉండదు. లోపలి గుడ్డ ఉంటే కవర్ ఆరేదాకా మీద దుప్పటి పరిచి కూర్చోవచ్చు. చిన్నపిల్లలున్నవాళ్లు ఈ గుడ్డ నీరు దిగని రకం పెట్టిస్తారా అని అడగండి, పిల్లాడు పక్క తడిపితే పై కవర్ ఉతికేయొచ్చు, లోపలికి దిగిన ఫోమ్‌ని మాత్రం ఏమీ చేయలేం, ఆ వాసన వదలదు.

తర్వాత కింద చట్రం కవర్, చేతుల కవర్. సీటు, వెన్ను దిండ్లకి మాత్రమే జిప్పులుండి మిగతాదంతా మేకులు కొట్టి బిగించి ఉంటుంది చాలావాటికి. చేతులు ఆనించే చోటే కదా ముందు నల్లబడేది, కాబట్టి "ఏ ఏ భాగాలు వస్తాయి, ఏవి రావు" అని ఒక్కొక్కటీ చెయ్యిపెట్టి చూపించమనండి. వెల్క్రోతో అతికే చట్రం కవర్లు బాగానే పనిచేస్తాయి, కానీ ఉతికేటప్పుడు వెల్క్రో అతికించేసి వేయాలి, లేకపోతే జుట్టూ దారాలూ అన్నీ దానికే చుట్టుకుంటాయి.

ఆఖరిది లేబుల్. నీళ్ల తొట్టి బొమ్మలో 30 అనో 40 అనో ఉంటే ఆ డిగ్రీల నీళ్లలో మెషిన్‌లో ఉతకొచ్చు, తొట్టి కింద గీత ఉంటే జెంటిల్ సైకిల్, తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తో మాత్రమే, తొట్టికి ఇంటూ కొట్టి ఉంటే నీళ్లే వద్దు. గుండ్రంలో పి అని ఉంటే డ్రై క్లీనింగ్. త్రిభుజానికి ఇంటూ ఉంటే బ్లీచ్ వాడొద్దు. కొన్ని ఇంపోర్టెడ్ బట్టల మీద డబ్ల్యూ అనే అక్షరం ఉంటుంది, దాన్ని చూపించి వాషబుల్ అనేస్తారు, కాదు, అది సోఫా మీద ఉండగానే నీళ్ల క్లీనర్‌తో తుడవొచ్చని, మెషిన్‌లో వేయమని కాదు. లేబులే లేదంటే బిల్లు మీద "కవర్లు మెషిన్ వాష్" అని రాయించుకోండి, రాయడానికి నసిగారంటే జవాబు వచ్చేసినట్టే.

6. బట్ట

కాటన్, లినెన్ కూర్చోడానికి చల్లగా హాయిగా ఉంటాయి, మన ఎండలకి బాగుంటాయి, కానీ ముడుచుకుంటాయి, నలుగుతాయి, రంగు వెలుస్తాయి. ఒట్టి పాలిస్టర్ ఉతకడానికి తేలిక, తొందరగా ఆరుతుంది, ముడుచుకోదు, కానీ మే నెలలో కరెంటు పోయినప్పుడు కూర్చుంటే వీపుకి అతుక్కుంటుంది. రెండూ కలిసిన నేత మధ్యేమార్గం, నేనైతే దానికే ఓటు. వెల్వెట్, షెనీల్ ముట్టుకుంటే మెత్తగా ఉంటాయి గానీ ఉతికాక నూగు ఒక్కోచోట ఒక్కోవైపు పడుకుని మచ్చల్లా కనబడుతుంది. చిన్న చిన్న రింగుల్లా ఉండే బూక్లే ఇప్పుడు ఎక్కడ చూసినా అదే, ఇంట్లో పిల్లి ఉంటే దాని గోళ్లకి పండగ, అటుపక్కకి వెళ్లొద్దు. రెక్సిన్, లెదరెట్ తుడిస్తే పోతుంది కదా అనుకుంటారు, చవక రకం పీయూ (పాలీయురేథేన్ పూత) అయితే తేమకి, చెమటకి పైపొర పొలుసుల్లా రాలడం మొదలెడుతుంది, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకా త్వరగా.

బట్ట ఎంత మన్నుతుందో చెప్పేది మార్టిండేల్ అనే రుద్దుడు పరీక్ష. ఇంటి వాడకానికి కనీసం 15,000 రుద్దులు తట్టుకోవాలి, పిల్లలూ కుక్కలూ ఉన్న ఇంటికి 25,000, 30,000 పైన ఉంటే మంచిది. లోకల్ షాపుల్లో ఈ ముక్క అడిగితే వింతగా చూస్తారు, బట్టల శాంపిల్ పుస్తకం వెనకాల మాత్రం రాసి ఉంటుంది చాలావాటికి, అట్ట తిప్పి చూడండి. ఐకియా వాళ్లు, 2018 ఆగస్టులో దేశంలో మొట్టమొదట మన హైటెక్ సిటీలోనే తెరిచారు కదా, వాళ్ల సైట్‌లో ప్రతి సోఫాకీ కవర్ దేంతో చేశారు, ఎలా ఉతకాలి, ఎన్ని రుద్దులు తట్టుకుంటుంది అన్నీ రాసి ఉంటాయి, అక్కడ కొనకపోయినా ఏమేం అడగాలో తెలుస్తుంది. వాళ్ల దగ్గర కూడా అన్ని సోఫాలకీ కవర్ ఊడదు, మోడల్ మోడల్‌కీ చూస్కోవాలి.

రంగు మీ ఇష్టం, కానీ మరీ తెలుపూ వద్దు, మరీ నలుపూ నేవీ బ్లూ కూడా వద్దు, వాటిమీద మన దుమ్ము, తువ్వాళ్ల నూగు తెల్లగా తేలి కనిపిస్తాయి. రెండు మూడు రంగుల దారాలు కలిసిన నేత అయితే చిన్న చిన్న మరకలు కలిసిపోతాయి.

7. ముక్కలు జారిపోతాయా చూడండి

మాడ్యులర్‌కి ఉన్న పెద్ద జబ్బు ఇది. షోరూమ్‌లో కార్పెట్ మీద పెడతారు, కదలదు. ఇంటికొచ్చి నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద పెట్టగానే కూర్చున్నప్పుడల్లా ముక్కలు విడిపోతాయి, మధ్యలో సందు, ఆ సందులో రిమోట్, చిల్లర, పిల్లల బిస్కెట్ ముక్కలు, ఆ వెనకే చీమలు. కింద ఇనుప క్లిప్పులుంటాయి, ఒకదాంట్లో ఒకటి పళ్లలా ఇరుక్కునేవి, అవి ఉన్నాయా, ప్లాస్టిక్‌వా ఇనుపవా చూడండి. రెండు ముక్కల మధ్య అతుకు మీద కూర్చుని గట్టిగా వెనక్కి జరగండి, సందు పడితే ఇంట్లో అంతకన్నా ఎక్కువ పడుతుంది. కాళ్లకింద రబ్బరు ప్యాడ్లు వేస్తే చాలావరకు ఆగుతుంది, ఒక వరస గోడకి ఆనేలా పెట్టినా ఆగుతుంది, కాకపోతే వానాకాలం చెమ్మపట్టే గోడైతే రెండంగుళాలు వదలండి, లేకపోతే వెనక కవర్‌కి బూజు పడుతుంది.

8. బేరం, బిల్లు, రెండో సెట్టు

లోకల్‌గా చేయించుకునేవాళ్లకి సీటుకి ఇంత అని చెప్తారు. అప్పుడు కార్నర్‌ని ఒక సీటు కింద లెక్కేస్తారా, ఒట్టోమన్ లోపలే కలిసిందా, మీటరు ఎంత ధర దాకా ఉన్న బట్టని అందులో కలిపారు, ఇవి ముందే తేల్చుకోండి, బట్ట బాగుందని పైది ఎంచుకోగానే "అది ఎక్స్‌ట్రా సార్" అంటారు. చేయించుకోవడంలో లాభం ఏంటంటే ఫోమ్ మీరే చెప్పొచ్చు, జిప్పు ఎలా కావాలో చెప్పొచ్చు. కాటన్ బట్ట ఎంచుకుంటే మాత్రం, జాకెట్టు లైనింగ్ తడిపి ఆరేసి కుట్టించుకుంటాం చూడండి, అలాగే బట్ట మొత్తం నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాకే కత్తిరించమనండి. వాళ్లకి అది పని ఎక్కువ, వద్దంటారు, మీరు పట్టుబట్టండి. మామూలు కాటన్ మొదటి ఉతుకులోనే వందకి మూడు నుంచి అయిదు దాకా ముడుచుకోవచ్చు, ముప్పై అంగుళాల కవర్ అంగుళం పైన తగ్గిందంటే ఇంక జిప్పు పడదు.

రెండో సెట్టు కవర్లు అప్పుడే తీస్కోండి, కనీసం సీట్లవరకైనా. వానాకాలంలో బాల్కనీలో రెండు మూడ్రోజులైనా ఆరవు, అన్నాళ్లు సోఫా బట్టల్లేకుండా ఉంటుంది మరి. తర్వాత కొనుక్కుందాం అనుకుంటే అదే బట్ట దొరికినా రంగు పక్కపక్కన పెడితే తేడా కొడుతుంది, మోడల్ ఆపేస్తే అసలు దొరకదు. కంపెనీ సోఫా అయితే కవర్లు విడిగా అమ్ముతారా అన్నది కొనేముందే అడగండి, పదేళ్ల వారంటీ అని పెద్దక్షరాలతో రాసేది మామూలుగా చట్రానికే, బట్టకి ఉండదు, ఫోమ్ కుంగితే ఎంత కుంగితే మారుస్తారో చిన్నక్షరాల్లో ఉంటుంది, చదవండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఒక్కటే మాట, జిప్పు తీసి కుట్ల వెంబడి టార్చ్ వేసి చూడండి, నల్లటి చుక్కలుంటే నల్లులు, ఎంత చవకైనా ఇంట్లోకి రానివ్వద్దు.

9. డెలివరీ రోజు

వాళ్లు వెళ్లేలోపు ముక్కలు లెక్కపెట్టండి, క్లిప్పులూ కాళ్లూ అన్నీ వచ్చాయా చూడండి, షాపులో చూసిన ఫోమే వచ్చిందా అని ఒక కవర్ తీసి మళ్లీ కాటా పెట్టండి, ఏమనుకుంటారో అని ఆగకండి. లేబుళ్లు ఫోటో తీసి పెట్టుకోండి, నాలుగు ఉతుకులయ్యాక వాటిమీద అక్షరాలు కనపడవు.

10. మొదటి ఉతుకు

ముందు వ్యాక్యూమ్ పెట్టండి లేదా బయట బాగా దులపండి, దుమ్ముతో అలాగే తడిపితే బురదౌతుంది. కవర్ లోపలిది బయటికి తిప్పి, జిప్పు మూసేసి, చన్నీళ్లలో లేదా 30 డిగ్రీల్లో, లిక్విడ్ డిటర్జెంట్‌తో, స్పిన్ తక్కువలో పెట్టి వేయండి. బోరు నీళ్లున్న ఇళ్లల్లో పౌడర్ సరిగ్గా కరగక ముదురు రంగు కవర్ల మీద తెల్లగా చారలు మిగులుతాయి, అందుకే లిక్విడ్, ఇంకోసారి ఎక్కువ జాడించండి. ఏడు కిలోల మెషిన్ అయితే సీటు కవర్లు రెండు మూడుకి మించి కుక్కొద్దు. రంగు వెలిసే బట్టయితే సీట్లన్నిటివీ ఒకే రోజు ఉతకండి, లేకపోతే ఒక సీటు పాతగా, పక్కది కొత్తగా కనిపిస్తుంది. నీడలో ఆరేయండి. కాటన్‌వి కొంచెం చెమ్మ ఉండగానే తొడిగేసి ఫ్యాన్ కింద ఆరనివ్వండి, సాగి సరిగ్గా కూర్చుంటాయి, పూర్తిగా ఎండాక తొడగాలంటే కుస్తీ పట్టాలి. ఫోమ్ మాత్రం నీళ్లలో ముంచొద్దు, లోపల తడి ఎప్పటికీ ఆరదు.

మరకల్లో మనకి పెద్ద తలనొప్పి పసుపు. పప్పో పులుసో ఒలకగానే గట్టిగా రుద్దకుండా స్పూన్‌తో ఎత్తేసి, చన్నీళ్లతో తడిపి సబ్బు పెట్టండి. సబ్బు తగలగానే ఆ మరక ఎర్రగా మారుతుంది, కంగారుపడొద్దు, పసుపు గుణమే అంత, జాడిస్తే మళ్లీ పచ్చబడుతుంది. ఆ మిగిలిన పచ్చదనం ఎండకే పోతుంది, కవర్ మడతపెట్టి ఆ మరక భాగం ఒక్కటే ఎండకి కనపడేలా తీగ మీద వేయండి, మిగతా బట్ట రంగు పోకుండా. ఆవకాయ నూనె అయితే నీళ్లకి ముందు పొడి టాల్కమ్ పౌడరో శనగపిండో చల్లి అరగంట ఉంచి దులపండి, తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు మరక మీద రాసి అప్పుడు మెషిన్‌లో వేయండి. తలనూనె మరకకి కూడా ఇదే, కాకపోతే అది రోజూ పడేది కాబట్టి వెన్ను దిండు మీద ఒక టవల్ వేసి ఉంచడమే తేలిక, నెలకోసారి సీట్లనీ వెన్ను దిండ్లనీ చోట్లు మార్చేయండి, అందరూ ఎప్పుడూ టీవీకి ఎదురు సీట్లోనే కూర్చుంటారు కదా, ఇలా మారిస్తే అదొక్కటే కుంగిపోకుండా ఉంటుంది.